నటాల్ రైలుకట్ట వెంబడి: యుద్ధభూమిని ఎక్కడ నిలబడి చూడాలి?

యుద్ధభూమి చూడడానికి వచ్చినవారిని గైడు ముందుగా కొండ ఎక్కిస్తాడు. దక్షిణాఫ్రికాలో, అప్పటి బ్రిటిష్ వలస అయిన నటాల్‌లోని పాత రైలుమార్గం వెంబడి, బ్రిటిష్‌వాళ్ళకూ అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి బోయర్లకూ మధ్య జరిగిన యుద్ధస్థలాలను చూపించే గైడ్ల పద్ధతీ అదే. టుగేలా నదికి ఇవతల ఒక మిట్ట మీద అందరినీ నిలబెట్టి, చేతికర్రతో చూపిస్తూ మొదలుపెడతారు: బ్రిటిష్ జనరల్ బుల్లర్ ఇక్కడ ఉన్నాడు, బోయర్ సేనాని లూయీ బోథా ఎదురుగా ఆ గుట్టల్లో దాక్కున్నాడు, ఫిరంగులు అదిగో ఆ చెట్ల దగ్గరికి వెళ్ళాయి. నది వంపు, వంతెన, గుట్టల వరుస ఒక్కసారిగా అర్థమవుతాయి. కాదనను. కానీ అది సేనాపతులు ఎంచుకున్న ఎత్తు. అక్కడి నుంచి చూస్తే దళాలు కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. గాయపడినవాణ్ణి ఎవరు ఎత్తుకున్నారు, నీళ్ళు ఎవరు మోశారు, ఆ పట్టాలు ఎవరు వేశారు అన్న ప్రశ్నలు ఆ మిట్ట మీద పుట్టవు.

ఈ యుద్ధాన్ని రైలుకట్ట మీద నిలబడి చూడాలని, గైడ్లు అక్కడి నుంచే చెప్పాలని నా వాదన. ఆ మాట అడగడానికి తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన హక్కు ఉందని కూడా అంటాను. ఎందుకో చెబుతాను.

దక్షిణాఫ్రికాలో మొదటి రైలు 1860 జూన్ 26న డర్బన్ రేవు నుంచి ఊళ్ళోకి నడిచింది. అదే ఏడాది నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ ఒప్పంద కూలీలతో అదే రేవుకు చేరింది. పట్టాలు, కూలీలు ఒకే ఏడాది నటాల్ నేల మీద దిగారు. తరువాత రెండూ కలిసే లోపలికి పాకాయి. లైను 1880లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరింది. 1886లో లేడీస్మిత్, 1891లో సరిహద్దు ఊరు చార్లెస్‌టౌన్, 1895లో జోహానెస్‌బర్గ్. చెరకు తోటలకు వచ్చిన భారతీయుల్లో ఎందరో నటాల్ ప్రభుత్వ రైల్వేలోనూ, ఆ రైలుకు బొగ్గు తవ్విపెట్టిన ఉత్తర నటాల్ గనుల్లోనూ పనిచేశారు. 1911 వరకు దాదాపు 1,52,000 మంది అలా వెళ్ళారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు మీదుగానే. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి, నేటి చిత్తూరు ప్రాంతం కూడా కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్ళినవాళ్ళు అందులో వేలల్లో ఉన్నారు. అప్పలస్వామి అన్న పేరు డర్బన్‌లో ఈనాటికీ ఇంటిపేరుగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర వాళ్ళకు ఆ పేరు ఏ కొండ దేవుడిదో చెప్పనక్కరలేదు.

ఇక యుద్ధం. 1899 అక్టోబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యానికీ ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రెండు బోయర్ రిపబ్లిక్కులకూ మధ్య మొదలైంది. నటాల్ రంగంలో పోరు జరిగిన ఊళ్ళ పేర్లు వరుసగా రాస్తే పాత రైల్వే టైమ్ టేబుల్ చదివినట్టే ఉంటుంది: ఎస్ట్‌కోర్ట్, ఫ్రీర్, చీవ్లీ, కొలెన్సో, పీటర్స్, లేడీస్మిత్, ఎలాండ్స్‌లాగ్టె, గ్లెన్కో. ఇది యాదృచ్ఛికం కాదు. సైనికులు, గుర్రాలు, ఫిరంగి గుండ్లు, తిండి అన్నీ డర్బన్ రేవులో దిగి ఈ ఒక్క లైను మీదుగానే పైకి వెళ్ళాలి. పట్టాల మధ్య వెడల్పు 1,067 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజిలో మూడింట రెండు వంతులకన్న కాస్త తక్కువ. ఆ సన్నని దారిని బోయర్లు ఎక్కడ పట్టుకుంటే అక్కడ యుద్ధం.

ఎలాండ్స్‌లాగ్టె సంగతే చూడండి. అక్టోబరు 19న బోయర్లు ఆ స్టేషనులోకి వచ్చి, సరుకులతో వెళ్తున్న రైలును పట్టుకున్నారు. లేడీస్మిత్‌కూ డండీకీ మధ్య దారి తెగింది. రెండు రోజుల తరువాత బ్రిటిష్ దళాలు ఆ స్టేషన్ను విడిపించడానికి రైలెక్కే వెళ్ళాయి. నవంబరు 2న బ్రిటిష్ సేన ఉన్న లేడీస్మిత్ చుట్టూ బోయర్ల ముట్టడి బిగిసేటప్పుడు, గుండ్ల వాన మధ్య ఊరు దాటిన చివరి రైల్లో జనరల్ ఫ్రెంచ్, అతని సహాయకుడు డగ్లస్ హేగ్ ఉన్నారు. పదిహేనేళ్ళ తరువాత ఫ్రాన్స్ నేల మీద లక్షలమంది బ్రిటిష్ సైనికులను నడిపింది ఈ ఇద్దరే. ఆ రైలు తప్పిపోయి ఉంటే చరిత్ర ఎలా మారేదో అని మా గైడు చాలాసేపు మాట్లాడారు. గైడ్లందరికీ ఇష్టమైన ఘట్టం అది.

అంతకన్న ఇష్టమైనది ఇంకొకటి ఉంది. నవంబరు 15న ఎస్ట్‌కోర్ట్ నుంచి సాయుధ రైలు ఒకటి చీవ్లీ దాకా వెళ్ళి తిరిగి వస్తుంటే, ఫ్రీర్‌కు కొద్ది దూరంలో బోయర్లు పట్టాల మీద బండరాళ్ళు పెట్టి పడగొట్టారు. యుద్ధ విలేకరిగా అందులో ఉన్న విన్‌స్టన్ చర్చిల్ పట్టుబడ్డాడు. ఈరోజు ఆ చోట ఫలకం ఉంది. పర్యాటకుల వాహనాలన్నీ అక్కడ ఆగుతాయి. చర్చిల్ ఎలా పట్టుబడ్డాడు, ప్రిటోరియా నుంచి ఎలా తప్పించుకున్నాడు అన్నది గైడు కళ్ళకు కట్టినట్టు చెబుతారు. తలకు గాయమైనా ఇంజన్ వదలకుండా, క్షతగాత్రులను ఎక్కించుకుని వెనక్కి తీసుకుపోయిన డ్రైవరు చార్లెస్ వాగ్నర్ పేరు మాత్రం అడిగితే గానీ వినపడదు. అతనికీ ఫైర్‌మన్ అలెగ్జాండర్ స్టీవర్ట్‌కీ ఆల్బర్ట్ పతకం దక్కడానికి 1910 దాకా పట్టింది. అప్పటికి చర్చిల్ హోం మంత్రి.

ఇక్కడ నా వాదనకు ఎదురు రాగల మాట ఒకటి ఉంది: ఇంత అసంతృప్తి ఉంటే గైడు ఎందుకు, ఫోనులో పటం పెట్టుకుని తిరగవచ్చు కదా? తిరగలేం. స్పియన్ కాప్ కొండ మీద అది నాకు పూర్తిగా అర్థమైంది. 1900 జనవరి 23 రాత్రి దాదాపు 1,700 మంది బ్రిటిష్ సైనికులు చీకట్లో ఆ కొండ ఎక్కారు. పొగమంచులో ఇదే శిఖరపు అంచు అనుకుని కందకం తవ్వారు. నేల రాతినేల, చాలినన్ని పారలూ గునపాలూ లేవు, మోకాలి లోతు కూడా తెగలేదు. తెల్లవారి మంచు విడిపోయాక చూస్తే అసలు అంచు ముందుకు ఉంది. పక్కనున్న గుట్టల నుంచి బోయర్లకు కందకం మొత్తం పొడవునా కనిపిస్తోంది. పుస్తకంలో ఈ వాక్యాలు ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు. మా గైడు నన్ను ఆ కందకం పక్కన గడ్డిలో పడుకోమని చెప్పి, తాను వెళ్ళి తూర్పు వైపు గుట్ట చూపించినప్పుడు ఎక్కింది. తల కొంచెం ఎత్తినా ఆ గుట్ట మనల్ని చూస్తుంది. ఆ పని పటం చేయలేదు. ఆనాడు చనిపోయిన 240 మందికి పైగా బ్రిటిష్ సైనికుల్లో ఎక్కువమందిని ఆ కందకంలోనే పూడ్చారు. సున్నం కొట్టిన రాళ్ళ వరుస ఇప్పటికీ కందకం ఆకారాన్నే చూపిస్తుంది. రాత్రి బ్రిటిష్‌వాళ్ళు కొండ దిగిపోయారు. బోయర్లలోనూ చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. ఎవరూ లేని కొండను తెల్లారి బోయర్లు వచ్చి తీసుకున్నారు.

అందుచేత గైడు కావాలి. మంచి గైడు దొరికితే అదృష్టమే. కథ చెప్పేవాడి బలం ఎంతటిదో మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది, గెలిచినవాళ్ళు వేరే. అయినా ఇన్ని తరాలుగా ఆంధ్రదేశం ఆ యుద్ధాన్ని ఓడినవాళ్ళ వైపు నుంచి వింటోందంటే దానికి కారణం ఊరూరా తిరిగి బొబ్బిలి కథ పాడిన జంగం కథకులు. స్పియన్ కాప్ యుద్ధమూ జనవరి 24నే. ఆ కొండ చుట్టూ ఉన్నవాళ్ళలో బొబ్బిలి చుట్టుపక్కల తాలూకాల నుంచి ఓడెక్కినవారు ఉండి ఉంటారనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. కానీ వాళ్ళ కథ పాడే జంగం అక్కడ లేడు.

వాళ్ళు ఎవరంటే స్ట్రెచర్లు మోసినవాళ్ళు. బారిస్టరుగా నటాల్‌లో ఉన్న గాంధీ యుద్ధం మొదలవగానే భారతీయ అంబులెన్సు దళాన్ని కూడగట్టారు. దాదాపు 1,100 మంది. అందులో స్వేచ్ఛా భారతీయులు సుమారు 300, మిగిలిన 800 తోటల నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు. డర్బన్‌లో క్రైస్తవ మిషన్ ఆసుపత్రి నడిపే డాక్టర్ బూత్ నాయకులకు శిక్షణ ఇచ్చారు. 1899 డిసెంబరు 15న కొలెన్సోలో బ్రిటిష్ సేన చావుదెబ్బ తిన్న రోజున వాళ్ళు పనిలోకి దిగారు. ఆ ఒక్క రోజు బ్రిటిష్‌వాళ్ళు చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి 1,100 మందికి పైగా నష్టపోయారు. కర్నల్ లాంగ్ మరీ ముందుకు తీసుకుపోయిన 12 ఫిరంగుల్లో పది శత్రువు చేతికి చిక్కాయి. వాటిని వెనక్కి లాగబోయి బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్ కుమారుడు లెఫ్టినెంట్ ఫ్రెడ్డీ రాబర్ట్స్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ఇప్పుడు చీవ్లీలో అతని సమాధి దగ్గర ప్రతి గైడూ ఆగుతాడు. అతణ్ణి ఆ యుద్ధభూమి నుంచి మోసుకెళ్ళే అవకాశం తమ దళానికి వచ్చిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. ఎండ మండిపోతున్న ఆ నడకలో ఒక చిన్న వాగు తగిలిందట. ముందు మీరు తాగండని సైనికులు, లేదు మీరే తాగండని భారతీయులు, కాసేపు అక్కడ వాదులాడుకున్నారట. సమాధి దగ్గర నిలబడి ఫ్రెడ్డీకి దక్కిన విక్టోరియా క్రాస్ పతకం గురించి విన్నాను. వాగు గురించి ఎవరూ చెప్పలేదు.

స్పియన్ కాప్ దగ్గర ఈ మోత ఎందుకు అంత ఘోరమైందో రైలు పటం చూస్తేనే తెలుస్తుంది. ముట్టడిలో ఉన్న లేడీస్మిత్‌ను విడిపించడానికి బయలుదేరిన బుల్లర్, కొలెన్సోలో దారి మూసుకుపోవడంతో రైలుకట్టను వదిలి, ఎద్దుబండ్ల బారుతో పడమరకు వెళ్ళాడు. పట్టాలు లేని చోట గాయపడినవాళ్ళను రైలు దాకా చేర్చడానికి మనిషి భుజమే దిక్కు. అంబులెన్సు దళాన్ని మళ్ళీ పిలిచారు. నిజానికి కాల్పుల హద్దు లోపలికి రావాల్సిన బాధ్యత వాళ్ళకు లేదు. వస్తే ప్రభుత్వం కృతజ్ఞతతో ఉంటుందని బుల్లర్ కబురు పంపాడు, వెళ్ళారు. రోజుకు 20 నుంచి 25 మైళ్ళు, అంటే 32 నుంచి 40 కిలోమీటర్లు, స్ట్రెచర్లు భుజాన పెట్టుకుని నడిచామని గాంధీ రాశారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో జ్వరం వచ్చిన మనిషినీ నిండు చూలాలినీ డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేవాళ్ళను చూసినవారికి ఆ నడక ఏమిటో తెలుస్తుంది. బరువు ఒక్కటే కాదు, అదురు తగలకూడదు, ఆగకూడదు, దారి దిగుడులో కాలు జారకూడదు.

కొండ మీద కథ పూర్తయ్యాక నేను మా గైడును అడిగాను: వీళ్ళను కిందికి ఎవరు దించారు, ఏ వైపు నుంచి, ఎక్కడి దాకా? ఆయన ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న పెద్దాయన, గుట్టగుట్టనూ ఎరిగినవారు. నొచ్చుకోలేదు. అందరూ చర్చిల్ గురించే అడుగుతారండీ, దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ అన్నారు. తరువాత ఆ రోజు అనుకున్న దారి పక్కన పెట్టి, కొండకు దక్షిణంగా నది వైపు దిగే మట్టి దారి మీదుగా మమ్మల్ని నడిపించారు. రైలుకట్ట కనుచూపు మేరలో కూడా లేదు. ఆ దూరం కాళ్ళకు తెలియాలి. గైడు పాఠంలో అందరికీ అందాల్సింది ఈ భాగమే అని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

యుద్ధం ముగిశాక దళ నాయకులు 37 మందికి పతకాలు వచ్చాయి. కూలీలకు రాలేదు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవని అనుకోవడానికి లేదు. ఓడ ఎక్కించేటప్పుడు సామ్రాజ్యం ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చల వరకు రాసుకుంది. ఒక్కొక్కరికి ఒక నంబరు వేసింది. ఆ ఓడ జాబితాలు నేటికీ ఉన్నాయి. వాటిని పట్టుకునే డర్బన్ తెలుగు కుటుంబాలు తమ పూర్వీకుల ఊళ్ళను వెతుక్కుంటున్నాయి. తోటలోకి పంపేటప్పుడు అంత జాగ్రత్తగా రాసుకున్న పేర్లు యుద్ధభూమిలో ఒక రాతి మీదైనా ఎందుకు ఎక్కలేదని అడగడం అత్యాశ కాదు.

ఇందులో గర్వం ఊరేగించాలన్న ఆలోచన నాకు లేదు. బోయర్ల పట్లే తన సానుభూతి అని, బ్రిటిష్ పాలన పట్ల విధేయత వల్లే ఆ పక్క నిలిచానని గాంధీయే రాసుకున్నారు. నాయకులకు ఆ ఎంపిక ఉంది. ఒప్పందంలో ఉన్న 800 మందికి ఎంత ఉందో మనం ఊహించుకోవచ్చు. అది ఒక సామ్రాజ్యానికీ రెండు రిపబ్లిక్కులకూ మధ్య జరిగిన యుద్ధం, నేల మాత్రం ఇద్దరిదీ కాదు. లక్షమందికి పైగా ఆఫ్రికన్లు రెండు పక్షాల్లోనూ బండ్లు తోలేవాళ్ళుగా, వేగులుగా, గుర్రాలు చూసేవాళ్ళుగా పనిచేశారు. 1900 తరువాత ఈ రైలుకట్టల పొడవునా కాపలా బురుజులు లేచాయి. తగలబెట్టిన పొలాల నుంచి తెచ్చిన బోయర్ స్త్రీలనూ పిల్లలనూ ఉంచిన నిర్బంధ శిబిరాలను కూడా సరుకులు అందేందుకు వీలుగా పట్టాల పక్కనే పెట్టారు. ఆ శిబిరాల్లో దాదాపు 28,000 మంది బోయర్లు చనిపోయారు, అందులో 22,000 మంది పదహారేళ్ళలోపు పిల్లలు. ఆఫ్రికన్లకు వేరే శిబిరాలు. అక్కడ లెక్కకు ఎక్కిన చావులే 14,000 దాటాయి. డర్బన్ దక్షిణాన మెర్‌బ్యాంక్‌లో అలాంటి బోయర్ శిబిరం ఒకటి ఉండేది. తరువాతి కాలంలో అదే మెర్‌బ్యాంక్ భారతీయుల నివాస ప్రాంతమైంది. కొండ మీద నుంచి చెప్పే కథలో వీటికి చోటు దొరకదు. కట్ట వెంబడి నడిస్తే ఇవన్నీ వాటంతట అవే దారిలో తగులుతాయి.

స్పియన్ కాప్ తరువాత బుల్లర్ వాల్ క్రాంజ్ దగ్గర ఇంకొకసారి ప్రయత్నించి, విఫలమై, చివరికి రైలుకట్ట దగ్గరికే తిరిగి వచ్చాడు. ఫిబ్రవరి 14 నుంచి 27 దాకా ఒక్కో గుట్టా పట్టుకుంటూ పైకి జరిగాడు. ఆ గుట్టల్లో ఒకదాని పేరే రైల్వే హిల్. 28న లేడీస్మిత్ ముట్టడి వీడింది, 118 రోజుల తరువాత. ఆ ఊళ్ళోనే ప్రభుసింగ్ అనే ఒప్పంద కూలీ కథ ఉంది. ఉంబుల్వానా కొండ మీద బోయర్ల పెద్ద ఫిరంగి పేలిన మెరుపు కనిపించగానే గంట కొట్టడం అతని పని. గుండు వచ్చిపడేలోపు జనం దాక్కునేవారు. గంట కొట్టేవాడికి మాత్రం దాక్కునే వీలు లేదు. అతని ధైర్యాన్ని అధికారులు మెచ్చుకున్నారు, వైస్రాయ్ కర్జన్ కాశ్మీరు శాలువా పంపించాడు. ఒక్కడి పేరు నిలబడింది. నిలబెట్టాలనుకుంటే నిలబడుతుందనడానికి అదే రుజువు.

యుద్ధ పర్యటనలన్నీ లేడీస్మిత్ దగ్గర ముగుస్తాయి. మరీ ఓపిక ఉన్నవాళ్ళు ఈ యుద్ధంలో మొదటి పెద్ద పోరు జరిగిన టలానా కొండ దాకా, అక్కడి మ్యూజియం దాకా వెళ్తారు. నా చివరి పేచీ దాని మీదే. లైను అక్కడ ఆగదు. ఇంకా ఉత్తరాన న్యూకాజిల్ ఉంది. స్ట్రెచర్లు మోసిన పదమూడేళ్ళకు, 1913 అక్టోబరులో, ఒప్పందం ముగిసిన కూలీల మీద వేసిన మూడు పౌండ్ల పన్నుకు ఎదురు తిరిగి అక్కడి బొగ్గు గనుల భారతీయ కార్మికులు పని ఆపారు. ఇదే రైలుమార్గం వెంబడి చార్లెస్‌టౌన్ దాకా నడిచారు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెట్టారు. పోలీసులు వాళ్ళను పట్టుకుని రైళ్ళలో కుక్కి వెనక్కి పంపారు. 1914లో ఆ పన్ను రద్దయింది. తుపాకి పట్టని ఆ పోరాటాన్ని యుద్ధభూముల పర్యటనలో కలపడానికి గైడ్లు వెనకాడతారు. అది వేరే విషయం అంటారు. అవే పట్టాలు, అవే స్టేషన్లు, చాలావరకు అవే కుటుంబాలు. వేరే విషయం ఎలా అవుతుంది?

డర్బన్‌కో జోహానెస్‌బర్గ్‌కో పని మీద వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వెళ్తే మే నుంచి ఆగస్టు లోపల వెళ్ళండి. వానలుండవు, గడ్డి ఎండి నేల తీరు బాగా తెలుస్తుంది, ఉదయపు చలికి ఉన్ని బట్టలు ఉండాలి. గైడును మాట్లాడుకునే రోజునే దారి మీరు చెప్పండి. 1893 జూన్ 7 రాత్రి గాంధీని దించేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ ప్లాట్‌ఫారం మీద మొదలుపెట్టమనండి. ఫ్రీర్, చీవ్లీల మధ్య కట్ట పక్కన కొంత దూరమైనా కాలినడకన తీసుకెళ్ళమనండి. స్పియన్ కాప్ ఎక్కిన దారిన కాకుండా క్షతగాత్రులను మోసుకెళ్ళిన వైపు దిగుతామని చెప్పండి. న్యూకాజిల్, చార్లెస్‌టౌన్ కోసం ఇంకొక రోజు అడగండి. ఆ రోజుకు విడిగా డబ్బు అడుగుతారు, ఇవ్వండి. ముగ్గురు నలుగురు అడిగితే ఆ రోజు వాళ్ళ మామూలు పర్యటనలోకే వచ్చేస్తుంది.